ఎదురు పీట

రాయచూరుకు పోయిన కురుమయ్య ఒక కొత్త యంత్రాన్ని ఎద్దులబండి మీద వేసుకుని గద్వాలకు తిరిగొచ్చాడు. నలుగురు పట్టి దాన్ని ఇంటి ముందు దింపారు. ఆయన భార్య జములమ్మ నీళ్ళచెంబు చేత పట్టుకుని గడపలోనే నిలబడిపోయింది. పోయిన వారం అక్కడ ఆగాం. ఆ నిలబడటంలో ఆమెకు ఒక మాట నోటిదాకా వచ్చింది గానీ బయటికి రాలేదు. ఇరుగుపొరుగు చేరి ఉన్నారు, అత్త బాలనాగమ్మ అరుగు మీదే ఉంది, అంతమందిలో మొగుణ్ణి ఎట్లా అడుగుతుంది? "మరి నేనేడ కూసోవాలె?" అన్నదే ఆ మాట.

అంతోటి మాటకు గడపలో నిలబడిపోవాలా అని కొత్తగా చదివేవాళ్ళకు అనిపించవచ్చు. వాళ్ళ కోసం కొంచెం వెనక్కి పోయి వద్దాం.

కురుమయ్య వాళ్ళది తాతలనాటి నుంచి సాన పట్టే ఇల్లు. కొడవళ్ళు, గొడ్డళ్ళు, ఈతచెట్లు గీసే కత్తులు, మంగలికత్తులు, ఊళ్ళో పదును పోయిందల్లా వాళ్ళ కొట్టంలోకే వచ్చేది. వాళ్ళ పాత సాన ఎట్లా ఉంటుందంటే, నేలలో పాతిన రెండు గుంజలు, వాటి నడుమ ఇరుసు, ఇరుసుకు ఒక సానచక్రం. కురుందం అనే గట్టిరాతిని పొడి కొట్టి, కరిగిన లక్కలో కలిపి పోస్తే గట్టిపడే చక్రం అది. ఇరుసు చుట్టూ తోలుపట్టా చుట్టి ఉంటుంది. అవతలి వైపు ఒకరు పీట వేసుకుని కూర్చుని, పట్టా రెండు కొసలూ రెండు చేతుల్లో పట్టుకుని, చల్ల చిలికినట్లు ఒకసారి కుడిచేత్తో, ఒకసారి ఎడమచేత్తో గుంజాలి. చక్రం కాసేపు ఇటు, కాసేపు అటు తిరుగుతుంది. ఇవతల కూర్చున్న మనిషి చక్రం తనవైపు తిరిగేటప్పుడు కత్తి ఆనించి, వెనక్కి మళ్ళేటప్పుడు ఎత్తాలి. గుంజేది ఆడమనిషి, కత్తి పట్టేది మగమనిషి. ఆ ఇంట్లో ఎప్పటి నుంచో అదే నడుస్తోంది.

కాపురానికి వచ్చిన ఏడాదే జములమ్మ ఆ ఎదురు పీట మీద కూర్చుంది. అంతకుముందు దాని మీద అత్త కూర్చునేది. ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాలు మాట్లాడుకోవడానికి అదొక్కటే చోటు. లోపల అత్త ఉంటుంది. ఆవిడ ముందర కోడలు మొగుడితో మాట్లాడితే తప్పు, కొడుకు పెళ్ళానికి బదులు చెప్తే అంతకన్నా తప్పు. సాన దగ్గరైతే చక్రం మోతలో మూడో మనిషికి ఏమీ వినపడదు. కూతుర్ని బల్మూర్‌లో ఇద్దామని అనుకున్నది అక్కడే. బర్రె చచ్చిపోయినప్పుడు ఆయన మెల్లగా ఒక మాట చెప్పి ఊరుకోబెట్టిందీ అక్కడే. జములమ్మ గుంజుతూ చెప్తుండేది, కురుమయ్య ఊఁ కొడుతుండేవాడు. ఒక్కోసారి ఊఁ కూడా అనడు, తలెత్తి ఆమె దిక్కు చూసి మళ్ళీ కత్తి మీదికి వంగేవాడు. ఆ చూపు చాలు జములమ్మకు. ఆ రోజుకు ఇంకేమీ అక్కరలేదన్నట్లు ఉండేది.

ఇప్పుడు ఆ రాయచూరు యంత్రానికి ఎదురు పీట లేదు. కాలిపలక తొక్కితే పెద్ద చక్రం తిరుగుతుంది, అది చిన్న ఇరుసును తిప్పుతుంది, ఇరుసుకు సానరాయి. రాయి కింద నీళ్ళతొట్టి. రాయి అడుగుభాగం ఆ నీళ్ళల్లో తడుస్తూ తిరగాలి. తడవకపోతే రాపిడి వేడికి లక్క మెత్తబడుతుంది, కత్తి ఉక్కు కాలిపోతుంది. తొక్కేదీ పట్టేదీ ఒక్కరే. పైగా అది ఒకే వైపు తిరుగుతుంది. కత్తిని ఎత్తి ఎత్తి ఆనించే పని లేదు కనుక అంచు మీద గాట్లు పడవు, పదును సన్నగా, నున్నగా దిగుతుంది.

సముద్రాల అవతల లడాయి, పెద్ద యుద్ధం, మొదలయ్యాక తెల్లదొరల సీమ నుంచి మంగలికత్తులు రావడం ఆగిపోయింది. ఉన్న కత్తినే అరిగిందాకా కాపాడుకోవాలి. సన్నపదును పట్టేవాడు ఎవడైనా ఉన్నాడా అని వనపర్తి నుంచి, నాగర్‌కర్నూలు నుంచి మంగళ్ళు కబురు పెడుతున్నారు. పాత సాన మీద ఆ పదును రాదు. కురుమయ్యకు అదే పరేషాన్. ఎవరో రాయచూరులో ఇట్లాంటిది చూశామంటే పోయి తెచ్చాడు.

యంత్రం దింపిన ఆ సాయంత్రం అందరూ పోయాక జములమ్మ అడగనే అడిగింది. కురుమయ్య నవ్వాడు.

"నీకు తిప్పలు తప్పినయ్ గద. ఇన్నేండ్లు గుంజి గుంజి భుజాలరిగిపాయె. ఇగ జర కూసో."

ఆమె కోసమే తెచ్చినట్లు అన్నాడు. నిజంగా అట్లాగే అనుకున్నాడేమో కూడా. మనసులో మాట మనసులోనే దాచుకునే మనిషి, ఎట్లా తెలుస్తుంది? జములమ్మ కూర్చోవడానికే కదా చోటు అడిగింది.

మొదటి కొన్నాళ్ళు బాగానే గడిచాయి. యంత్రంతో వచ్చిన రాయి గరుకుది. సన్నపదునుకు సన్నరాయి పోయాలి. సన్నరాయికి సన్నపొడి కావాలి. పొడి తీసేది జములమ్మే. కురుందాన్ని రోట్లో దంచి, బియ్యం కడిగినట్లు నీళ్ళు పోసి కలియబెట్టి, కాసేపు ఊరుకుంటే బరక అడుగుకు దిగుతుంది. పైన తేలే మబ్బునీళ్ళను ఇంకో కుండలోకి వంచుకోవాలి. ఆ కుండ అడుగున ఇంకొంత దిగుతుంది. మళ్ళీ వంచుకోవాలి. చివరి కుండలో మిగిలేది వేళ్ళ మధ్య రాస్తే ఉందో లేదో తెలియనంత మెత్తగా ఉంటుంది. ఆ పొడితో కురుమయ్య కొత్త చక్రం పోశాడు. దాని మీద అరచేయి రాసి చూసుకుని, "బాగొచ్చింది" అన్నాడు. చక్రాన్నే అన్నాడు. జములమ్మ మాత్రం ఆ మాట తనకే అన్నట్లు దాచుకుంది.

తరువాత నీళ్ళ దగ్గర చిక్కొచ్చి పడింది. జోరుగా తొక్కితే తొట్టిలో నీళ్ళు రాయిని పట్టుకుని పైకి లేచి కురుమయ్య కళ్ళల్లోకి కొట్టేవి. కళ్ళు మూసుకుని మంగలికత్తి పట్టడం ఎవడి తరం? తొట్టిలో నీళ్ళు తగ్గించాడు. తగ్గిస్తే రాయికి అందేవి కావు. చేత్తో చల్లుకుందామంటే రెండు చేతులూ కత్తి మీదే ఉండాలి. పాత సానైతే ఇటూ అటూ మళ్ళేటప్పుడు రాయికి రవ్వంత విశ్రాంతి ఉండేది, జములమ్మ పక్కనున్న మూకుడులో వేళ్ళు ముంచి విదిలించేది. ఇది ఆగదు, ఆగనిదానికి వేడెక్కువ.

చివరికి జములమ్మనే పిలిచాడు. చెంబు పట్టుకుని ఆయన కుడిభుజం వెనక నిలబడి సన్నటి ధారగా రాయి మీద నీళ్ళు వదలాలి. మొదటి రోజు ఆమెకు సంతోషమే అయింది. పని ఉంది కదా అనుకుంది. బల్మూర్ నుంచి వచ్చిన కబురు చెప్పబోయింది. అల్లుడు కొత్త ఎడ్లు కొన్నాడని, కూతురు చిక్కిపోయిందని చూసొచ్చినవాళ్ళు చెప్పారని. కురుమయ్య ఊఁ అనలేదు. కాలిపలక కిర్రుమనే చప్పుడుకు ఆయనకు వినపడలేదు. గొంతు పెంచి చెప్పింది. లోపల్నుంచి బాలనాగమ్మ, "ఏందే గట్ల మొత్తుకుంటున్నవ్?" అంది. జములమ్మ నోరు మూసుకుంది. వెనక నిలబడితే ఆయన మెడ కనపడుతుంది. మెడ మీద చెమట కనపడుతుంది. మొహం కనపడదు. ఆ రోజు నుంచి వాళ్ళ మధ్య నీళ్ళచప్పుడు తప్ప మాట లేదు.

ఇట్లా ఉండగా ఒక రోజు జములమ్మ ఇల్లలికిన పాతగుడ్డను పిండకుండానే నీళ్ళకుండ అంచు మీద వేసి మరిచిపోయింది. గుడ్డ ఒక కొస కుండలో మునిగి ఉంది, ఇంకో కొస బయట వేలాడుతోంది. తెల్లారి చూస్తే కుండ సగం ఖాళీ, నేలంతా తడి. బాలనాగమ్మ చెడతిట్టింది. నేల తుడుస్తూ జములమ్మ ఆ గుడ్డను చూసింది. బయటి కొస నుంచి ఒక బొట్టు, ఆగి ఒక బొట్టు. ఎవరూ వంచకుండా, ఎవరూ పట్టుకోకుండా, కుండలో నీళ్ళు తమంతట తాము గుడ్డ పట్టుకుని ఎక్కి దిగుతున్నాయి.

ఆమె చేతిలో తుడుపుగుడ్డ ఆగిపోయింది. సాన మీద ఇట్లా ఒక కుండ, ఒక గుడ్డ ఉంటే చాలునని అప్పుడే తెలిసిపోయింది. బొట్లుబొట్లుగా పడితే నీళ్ళు ఎగరవు, రాయి ఎండదు. చెంబు పట్టుకుని నిలబడే మనిషి అక్కర్లేదు. అంతదాకా ఆలోచించి, నేల తుడవడం ముగించి, గుడ్డ పిండి ఆరేసింది. ఎవరికీ చెప్పలేదు.

మంగలి చెన్నయ్య తన కత్తి తెచ్చింది ఆ తరువాతే. తండ్రి చేతి నుంచి తన చేతికొచ్చిన సీమకత్తి, కన్నబిడ్డలాగా చూసుకునే కత్తి. ఊళ్ళో మంగళ్ళందరూ అతని మాట వింటారు. ఈ కత్తి కుదిరితే మిగతావన్నీ వస్తాయని కురుమయ్యకు తెలుసు. చెన్నయ్య అక్కడే ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. కురుమయ్య తొక్కడం మొదలుపెట్టాడు, జములమ్మ నీళ్ళు వదులుతోంది. అంతలో లోపల బాలనాగమ్మ కళ్ళు తిరిగి తూలి పడబోయింది, కోడల్ని కేకేసింది. జములమ్మ చెంబు దింపి పరుగెత్తింది.

అత్త తలను ఒళ్ళో పెట్టుకుని విసురుతుండగా ఆమె చెవికి బయట రాయి చప్పుడు మారడం తెలిసింది. తడిరాయి చప్పుడు వేరు, పొడిరాయి చప్పుడు వేరు. ఇన్నేళ్ళు విన్న చెవికి చెప్పాలా? ఆ వెంటనే లక్క వాసన. లేవాలంటే ఒళ్ళో ముసలామె తల ఉంది. పిలిస్తే ఆ మోతలో వినపడదు. ఆమె వెళ్ళేసరికి కాలిపలక ఆగి ఉంది. చెన్నయ్య కత్తిని వెలుతురుకు పెట్టి చూస్తున్నాడు. అంచు పొడుగునా నెమలిమెడలాగా నీలం తిరిగింది. కాలిన ఉక్కు ఇక పదును నిలుపుకోదు.

చెన్నయ్య కోప్పడలేదు. కత్తిని గుడ్డలో చుట్టుకుంటూ, "వక్కలు కోసుకుంటందుకు పనికొస్తది తియ్, కురుమన్నా," అన్నాడు. లేచి పోయాడు. రెండు తిట్లు తిట్టినా బాగుండేది.

కురుమయ్య రాయి మీద వేలు పెట్టి వేడి చూశాడు. ఆ తరువాత తల తిప్పకుండానే అడిగాడు.

"యాడికి పోయినవ్?"

"అత్త పడబోయింది. పట్టుకుంటందుకు పోయిన."

"నీళ్ళు నీళ్ళని మొత్తుకుంటి."

"ఇనవడలె," అంది జములమ్మ. "ఎదురుంగ కూసున్నప్పుడు నువ్వు కన్ను గీటినా తెలుస్తుండె. ఇప్పుడు మొత్తుకున్నా ఇనవడ్తలేదు."

"ఎదురుంగ కూసునే కాలం పోయె. ఏం జెయ్యమంటవ్ నన్ను?"

జములమ్మ లోపలికి పోయింది. చిన్న కుండ తెచ్చింది, పాతచీర చెంగు చింపి తెచ్చింది. యంత్రం చట్రానికి పైన ఉన్న మేకుకు ఉట్టితాడుతో కుండను కట్టింది. నీళ్ళు పోసి, చెంగును తడిపి, ఒక కొస కుండలో ముంచి, ఇంకో కొస రాయి మీదికి వేలాడదీసింది. కాసేపటికి గుడ్డ కొసన ఒక బొట్టు ఊరింది, బరువెక్కింది, రాయి మీద పడింది.

"తొక్కు," అంది.

తొక్కాడు. బొట్టు పడ్డచోట పల్చగా పరుచుకుని రాయంతా మెరిసింది. ఒక చుక్క కూడా ఎగరలేదు. కురుమయ్య తన దగ్గరున్న పాత మంగలికత్తి తీసి ఆనించాడు. రెండు చేతులూ కత్తి మీదే, కళ్ళు రెండూ అంచు మీదే. ఎవరినీ పిలవాల్సిన అవసరం రాలేదు. చాలాసేపు పట్టాడు. సాలెవాళ్ళ ఇంటి నుంచి తెచ్చుకున్న పట్టుపోగు ఒకటి తీసి, అంచు మీద వదిలాడు. పోగు అట్లా ఆనీ ఆనకముందే రెండై కింద పడింది.

కురుమయ్య మొహంలో పసివాడి సంబరం కనపడింది. ఆ సంబరంతోనే అడిగాడు.

"గిది నీకెప్పటి సంది తెలుసు?"

"ఇంట్ల కుండ ఖాళీ అయిన కాంచి."

సంబరం మెల్లగా దిగిపోయింది. "ముందుగాల చెప్తే చెన్నయ్య కత్తి దక్కుతుండె గద."

"చెప్పినంక నాతోని నీకేం పని?"

కాలిపలక ఆగింది. జములమ్మ నిలబడి ఎదురుచూసింది. పని లేకుంటే మనిషి వద్దా అనొచ్చు. పిచ్చిదానా అనొచ్చు. ఏమన్నా సరే, అంటే చాలు. కురుమయ్య ఆమె వైపు చూడలేదు, గుడ్డ కొసన ఊరుతున్న బొట్టును చూశాడు. అది పడ్డాక మళ్ళీ తొక్కడం మొదలుపెట్టాడు.

ఆ వారంలోనే ఆయన వనపర్తికి బయలుదేరాడు. యంత్రానికి బండిచక్రాలు బిగించి తోసుకుపోయేట్లు చేసుకున్నాడు. కృష్ణ దాటి వనపర్తి, అక్కడి నుంచి నాగర్‌కర్నూలు, వీలైతే అమ్రాబాద్ దాకా. ఇదివరకు సంతలకు పోయేటప్పుడు ఇద్దరూ పోయేవాళ్ళు. చిన్న సాన ఒకటి ఉండేది, చక్రం ఆయన భుజం మీద, పట్టా, పీటలు ఆమె నెత్తి మీద. ఈసారి జములమ్మ జొన్నరొట్టెలు చేసి మూట కడుతూ, ఇద్దరికి సరిపడా చేసింది. ఎందుకైనా మంచిదని కాళ్ళు కడుక్కుని మంచి చీర కట్టుకుంది. కురుమయ్య మూట అందుకుని, "ఇంట్ల అమ్మొక్కతే అయితది గద," అన్నాడు. అది నిజమే. ఎవరూ కాదనలేని నిజం చెప్పి పోవడం మగవాళ్ళకు బాగా తెలుసు.

ఆయన పోయాక ఇల్లు పెద్దదైపోయింది. కొట్టంలో పాత సాన అట్లాగే ఉంది. జములమ్మ రోజూ పొద్దున దాని చుట్టూ ఊడ్చేది. ఊడ్చాక ఊరికే ఎదురు పీట మీద కూర్చునేది. అవతల ఎవరూ లేని పీట. చేతులు వాటంతట అవే పట్టా కొసల కోసం ముందుకు పోయేవి. చెప్పాల్సిన మాటలు పోగవుతున్నాయి. పక్కింటి కోడి వీళ్ళింట్లో గుడ్డు పెట్టిందని, చింతకాయ పచ్చడికి బూజు పట్టిందని, అత్తకు రాత్రి దగ్గు తగ్గిందని. చెప్పకుండా ఉంచుకుంటే ఇట్లాంటి మాటలు పాచిపోతాయి. రెండు రోజులు పోతే తనకే అవి మాటల్లాగా అనిపించేవి కావు.

బాలనాగమ్మ చూస్తూ ఊరుకునేది. ఒక మధ్యాహ్నం మాత్రం, ఎన్నడూ లేనిది, కోడలి పక్కన వచ్చి కూర్చుంది. ఆ పీటను చేత్తో తడిమింది.

"నేను లేసినంక నువ్వు కూసుంటివి," అంది. "నువ్వు లేస్తె ఎవ్వరు లేరు."

ఆ రోజు జములమ్మ అత్తకు తల దువ్వింది.

చెన్నయ్య భార్య అంజమ్మ వచ్చింది ఆ మర్నాటి పొద్దున. కాన్పులు చేసే మనిషి ఆమె. గట్టు అనే ఊళ్ళో ఒక పిల్లకు నొప్పులు మొదలైతే బండి పంపారట, బండి వీధి మొదట్లో ఆగి ఉంది. అంజమ్మ గబగబా కొట్టంలోకి వచ్చి కొంగులో చుట్టిన చిన్నకత్తి తీసింది. బొడ్డు కోసే కత్తి. మొద్దుబారిపోయింది.

"మా ఆయన ఇంట్ల లేడక్కా," అంది జములమ్మ.

"తెలుసు. మా ఆయన కత్తిని మీ ఆయన కాలవెట్టె. నా కత్తినన్న నువ్వు బాగుచెయ్యి."

"మా ఇంట్ల ఆడోళ్ళు కత్తి పట్టరు."

"గా సంగతి గట్టుల నొప్పులు వడ్తున్న పిల్లకు తెల్వదు," అంది అంజమ్మ. అంటూనే చీర ఎగజెక్కి ఎదురు పీట మీద కూర్చుంది. పట్టా కొసలు అందుకుంది. "గుంజేది నేను గుంజుత. ఊఁ, కూసో."

జములమ్మ అరుగు వైపు చూసింది. బాలనాగమ్మ మొహం అటు తిప్పుకుని, "నాకు కండ్లు కనవడవు. ఎవరేం జేస్తున్నరో నాకేం తెల్వదు," అంది.

జములమ్మ చక్రాన్ని చుట్టి అవతలికి పోయింది. ఇన్నేళ్ళలో ఊడవడానికి తప్ప ఆ పక్కకు పోయింది లేదు. కురుమయ్య పీట మీద కూర్చుంది. అది ఆయన బరువుకు ఒకవైపు వాలి ఉంది. కత్తి చేతిలోకి తీసుకుంది. అంజమ్మ పట్టా గుంజింది. చక్రం కదిలింది. తనవైపు తిరిగేటప్పుడు ఆనించింది, మళ్ళేటప్పుడు ఎత్తింది. ఎప్పుడు ఎత్తాలో చేతికి ఎవరూ చెప్పలేదు, ఇన్నేళ్ళు గుంజిన చేతులకు ఆ మలుపు తెలుసు. కొంచెం కొంచెంగా పదును దిగుతోంది. వేడి తగలగానే తనే వేళ్ళు తడిపి విదిలించింది. ఒకచోట కళ్ళు అలిసి, తలెత్తి అంజమ్మ వైపు చూసింది.

అంజమ్మకు మొహం లేదు.

తల ఉంది, భుజాలున్నాయి, పట్టా గుంజుతూ ఊగుతున్న రెండు చేతులున్నాయి. మొహం ఉండాల్సిన చోట మాడిన కుండలాంటి నలుపు. ఎదురు పీటకు వెనకాలే కొట్టం వాకిలి. తూర్పువాకిలి. పొద్దుటెండ ఆ వాకిట్లోంచి నిలువునా వచ్చి ఇటు కూర్చున్నవాళ్ళ కళ్ళల్లో పడుతోంది. జములమ్మ కళ్ళు చిట్లించి చూసింది, తల అటూ ఇటూ వంచి చూసింది. ముక్కు ఎక్కడుందో నోరెక్కడుందో తెలియలేదు.

"అక్కా," అంది. "నీకు నా మొకం కనవడ్తుందా?"

"ఎందుకు కనవడది? ఎండంత నీ మీద్నే ఉండె. ముక్కు మీద చెమట గూడ కనవడ్తుంది," అంది చీకటిమొహపు అంజమ్మ.

లక్క మెత్తబడుతుందని ఎండ ముదరక ముందే మొగుడూ పెళ్ళాలు పని ముగించేవాళ్ళు. వాళ్ళు సాన పట్టిందంతా పొద్దుటిపూటే. ఏళ్ళ తరబడి జములమ్మ ఆయన మొహం మీది ప్రతి గీతనూ చూసింది. ఎప్పుడు విసుక్కున్నాడో, ఎప్పుడు నవ్వు దాచుకున్నాడో, ఎప్పుడు కనుబొమల్లో మొదటి తెల్లవెంట్రుక వచ్చిందో ఆమెకు తెలుసు. ఆ పీట మీద కూర్చోబోయే ముందు రోజూ అద్దంలో చూసుకుని బొట్టు సరిచేసుకునేది. ఆ బొట్టును ఆయన ఒక్కనాడూ చూసి ఉండడు. కూతుర్ని అత్తింటికి పంపిన మర్నాడు తను పట్టా గుంజుతూ ఏడ్చింది. ఆయన తలెత్తి చూసి, ఏమీ అనకుండా కత్తి మీదికి వంగితే, గుండె నిబ్బరం చేసుకుంటున్నాడనుకుంది. ఆయనకు కనపడింది ఊగుతున్న ఒక నీడ. మరి తలెత్తి ఎందుకు చూసేవాడు? కళ్ళకు విశ్రాంతి కోసమా, లేక ఆ నలుపులో ఆమె మొహం కోసం వెతికేవాడా? అడగాలంటే ఆయన ఎక్కడో కృష్ణకు అవతల ఉన్నాడు. కనపడటం లేదని ఒక్కసారి అంటే పోయేదానికి, పీట ఇటు జరుపుకుంటే సరిపోయేదానికి, ఆయన అనలేదు, తను అడగలేదు. ఆ ఇంట్లో ఏ ఆడదీ ఇటు వచ్చి కూర్చోలేదు కనుక ఎవరికీ తెలియలేదు. పక్కన అరుగు మీద మొహం తిప్పుకుని కూర్చున్న ముసలామెకు కూడా.

"అయ్యిందా?" అంది అంజమ్మ. జములమ్మ కత్తి అంచును గోటి మీద ఆనించి చూసింది. అంచు జారకుండా గోటిని పట్టుకుంది. అయింది. కత్తిని చేతికివ్వకుండా పద్ధతి ప్రకారం చక్రం పక్కన నేల మీద పెట్టింది. అంజమ్మ తీసుకోవడానికి వంగింది.

అప్పుడు వాకిలి చీకటైంది. ఎవరో మగమనిషి వచ్చి నిలబడ్డాడు. మొహం తెలియడం లేదు. వెడల్పాటి భుజాలు, కొంచెం వంగిన మెడ. జములమ్మ మోకాళ్ళ మీద చేతులు ఆనించి సగం లేచింది.

"సాన కురుమయ్య ఇల్లు గిదేనా?" అన్నాడా మనిషి. గొంతు వేరు.

అంజమ్మ వెనక్కి తిరిగి గుర్తుపట్టింది. బీచుపల్లి రేవు దగ్గర కృష్ణలో పుట్టి అనే గుండ్రటి పడవ నడిపే అనంతయ్య అతను. జములమ్మ చక్రాన్ని దాటుకుని వాకిట్లోకి వచ్చింది. వీధిలో ఒక ఎద్దులబండి ఆగి ఉంది. బండి మీద రాయచూరు కాలిసాన. చట్రానికి చిన్న కుండ అట్లాగే కట్టి ఉంది. రాయికి దెబ్బ తగలకుండా గోనెపట్టా చుట్టి, తాళ్ళతో బిగించి ఉంది. ఆ ముడులు కురుమయ్య వేసే ముడులే. జములమ్మ బండి చుట్టూ తిరిగి చూసింది. వీధి ఆ కొస దాకా చూసింది.

"మనిషేడి?"

అనంతయ్య తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. నది అవతలి ఒడ్డున తనూ కురుమయ్యా కలిసే దీన్ని పుట్టిలోకి ఎక్కించామని చెప్పాడు. ఆయనే తాళ్ళు బిగించాడట. ఇల్లు ఎక్కడో, వీధి ఎక్కడో ఆనవాళ్ళు చెప్పాడట. పొద్దు పోతుందని తను తొందరపెడితే, నీళ్ళల్లో మోకాళ్ళ దాకా దిగి పుట్టిని చేత్తో నెట్టాడట.

"ఎక్కమంటి. ఎక్కలె," అన్నాడు అనంతయ్య. "నడి ఏట్లకొచ్చినంక మల్ల కేకేసి అడిగిన, నువ్వెప్పుడొస్తవని."

"ఏమన్నడు?"

అనంతయ్య ఆమె మొహం వైపు చూశాడు. ఎండ ఇప్పుడు ఆమె మీద నిండుగా పడుతోంది.

"దానికి ఒక్క మనిషి చాలు, మా ఇంటిది నడుపుకుంటది, అన్నడమ్మా. గంతే జెప్పి వెనక్కి మర్లి ఒడ్డెక్కి వనపర్తి తొవ్వ వట్టిండు. నేను మల్ల తిరిగి చూసేటాళ్ళకు ఒడ్డు మీద ఎవ్వరు లేరు."